సీసాలో చక్కెర

పుంతా అరేనాస్‌లో గాలి పెద్దదైన రోజున
వీధి మలుపుల్లో తాళ్లు కడతారు, జనం పట్టుకు నడవడానికి.
ఆ తాడు ఒక చేత్తో, కుక్క గొలుసు ఒక చేత్తో
ఎలెవుతేరియో తాత వచ్చాడు మా పశువుల ఆసుపత్రికి.
మూడో చెయ్యి లేదు కనక
మూత్రం సీసా కోటు లోపల, చంక కింద.

"ఇంకా వెచ్చగానే ఉంది" అన్నాడు బల్ల మీద పెడుతూ,
అప్పుడే పితికిన పాలు అప్పజెబుతున్నట్టు.

కుక్క పేరు తిసోన్. అంటే కొరకంచు.
పేరులో తప్ప దానిలో ఎక్కడా నిప్పు లేదు.
ఏడేళ్లు గొర్రెల మందల్ని మళ్లించిన కాళ్లు
పొయ్యి పక్కనుంచి లేవమంటే లేవడం లేదు.
తోక మీద బొచ్చు రాలి ఎలకతోక అయింది.
తినేది పిడికెడు, పెరిగేది మణుగు.
"నాకంటే ముందు ముసలిదైపోయింది,
ఇదేం మర్యాద?" అని తాత ఫిర్యాదు.

నేను లోపలి గదిలో ఉంటాను.
యాస్నా నా పేరు, బయటి బోర్డు మీద కనపడదు.
జంతువులు నాకు మొహాలతో తెలియవు.
ఎర్రమూత గొట్టం, ఊదామూత గొట్టం,
గాజుపలక మీద ఒక చుక్క,
అంతవరకే మా చుట్టరికం.

కాగితపు పట్టీ ముంచాను.
చక్కెర గడి మట్టిరంగుకి తిరిగింది. నాలుగు ప్లస్సులు.
మధుమేహం అని రాయబోయి ఆగాను.
రక్తంలో చక్కెర తొంభై రెండే.
రక్తంలో లేనిది మూత్రంలోకి ఏ దారిన దిగింది?
మళ్లీ ముంచాను. మళ్లీ అదే రంగు.
అప్పుడు ఏ పాఠంలోనూ చెప్పని పని చేశాను.
మూత వాసన చూశాను.

కలఫాతె పండ్ల జామ్.
మూత మరల్లో నల్లగా ఇంకా అంటుకునే ఉంది.
పదిహేడేళ్ల ఉద్యోగంలో
ఒక కుక్కకి జామ్ జబ్బు అంటగట్టబోయాను.

నవ్వు ఆగాక సెంట్రిఫ్యూజ్ లోంచి గొట్టం తీశాను.
లేత పసుపుగా తేరాల్సిన సీరం
పాలలా తెల్లగా నిలబడింది.
రాత్రి నుంచి మెతుకు పెట్టలేదని ఒట్టేశాడు తాత.
పెట్టకుండానే ఇంత కొవ్వా?
థైరాయిడ్ పరీక్షకి నలభై నిమిషాలు.
ఆ నలభై నిమిషాలూ గోడ అవతల
ఆయన కుక్కకి ఉన్ని ధరలు పడిపోయిన సంగతి చెబుతూ కూర్చున్నాడు.
కుక్క గురక పెట్టి ఒప్పుకుంది.

టీ ఫోర్ అట్టడుగున, టీఎస్‌హెచ్ ఆకాశాన.
డాక్టర్ ఏం చెప్పిందో నాకు వినపడలేదు.
వినపడింది మందుల కిటికీ దగ్గర ఓర్ఫెలీనా గొంతు:
"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పరగడుపున. బతికినన్నాళ్లూ."

డబ్బా తిప్పి చూసి ఆయన,
"ఈ మందు నేనూ మింగుతానే!"
"మింగండి. మీది మీరు, దానిది అది.
మీకు డెబ్బై అయిదు మైక్రోగ్రాములు.
దీనికి పూటకి ఆరు వందలు."

కాసేపు మాట లేదు.
తర్వాత ఆ గొంతులో, ఒట్టు, గర్వమే అది:
"ఎనిమిది రెట్లు!"

ఓర్ఫెలీనా నవ్వలేదు. మందుల దగ్గర ఆమె నవ్వదు.
రెండు డబ్బాలూ ఒకే అలమరలో పెట్టొద్దంది.
ఎర్ర పెన్నుతో మూత మీద కుక్క తల గీసింది.
చెవులు కుదరక అది గొర్రె అయింది.

ఆరు వారాలకి మళ్లీ వచ్చారు,
మాత్ర వేసిన సరిగ్గా నాలుగు గంటలకి.
ఈసారి ఆయన తాడు పట్టుకున్నాడు,
కుక్క ఆయన్ని పట్టుకుని ఈడ్చుకొచ్చింది.
తోక మీద నూగు, పెరట్లో కొత్త గడ్డిలా.

ఎవరూ అడక్కపోయినా మూత్రం తెచ్చాడు,
మేమిచ్చిన తెల్ల డబ్బాలో.
పక్కనే ఒక గాజు సీసా, నిండా చిక్కటి ఊదా,
మూత మీద వణుకుతున్న పెద్ద అక్షరాలు:
ఇది జామే.

చేతి తొడుగులు విప్పి
పట్టీల పెట్టె పక్కన పెట్టుకున్నాను.
తర్వాత, ఎందుకైనా మంచిదని,
అవతలి గదికి మార్చాను.