ఒక్క రోజు తక్కువ

ఇరవై మూడేండ్లు కుండలు పలగ్గొట్టిన చెయ్యి ఇది.
ఇప్పుడు జూబ్లీహిల్స్‌ల ఒక బారు తలుపు తెరుస్తది.
అప్పుడు ఆబ్కారీల జవాను, ఇప్పుడు కాపలా.
బట్టల రంగు మారింది,
నిలబడుడు మారలే.

లోపల అద్దాల అలమారిల
దీపం కింద పెట్టిన్రు దాన్ని.
సీసా మీద కుండ బొమ్మ, కుండ కింద మంట,
బంగారు అక్షరాలల్ల "గుడుంబ",
దాని కింద లైసెన్సు నంబరు.
ముప్పై ఎమ్మెల్ తొమ్మిది వందలు, పన్నులు వేరే.

మొదటిసారి చూసిన్నాడు
నా చెయ్యి తెలువకుంటనే నడుముకు పోయింది,
లాఠీ కోసం.

ధూల్‌పేటల వాసనను పట్టుకునే గల్లీ గుర్తుపెట్టుకునేటోణ్ణి.
నల్లబెల్లం, పటిక, నవసాగరం.
కండ్లు మూసుకుని నడిచినా
ఏ ఇంట్ల ఎన్నో రోజు పులుస్తున్నదో చెప్పేటోణ్ణి.
రామ్‌కలీ బాయి ఇల్లు మూడో మలుపు.
ఆమె కుండలు పదకొండు సార్లు పలగ్గొట్టిన.
పన్నెండోసారి పోతే
ఆమెనే ఒక కట్టె తెచ్చి చేతికిచ్చింది:
"నీ లాఠీ పాతగైంది సాబ్, ఇది తీస్కో."

మొన్న రాత్రి పైసలు పెట్టేటోళ్లొచ్చిన్రు.
గోడ మీద ఒక ఎర్రగీత పైకి, ఇంకా పైకి.
అండ్ల ఒకాయన అడిగిండు,
ఇది నిలిచే సరుకా, రెండేండ్ల మోజా?
మా సేటు తేజోవర్ధన్ నీళ్లు తాగిండు.
తలుపుకాడ నిలబడ్డోణ్ణి ఎవరూ అడగలే.

ఏం నిలుస్తది ఈ ఊర్ల?
చుట్టలు చుట్టిచ్చిన ఐస్‌క్రీం, ఒక ఎండకాలం.
నోట్ల పొగలొచ్చే బిస్కెట్లు, అన్ని రోజులు గూడ కాదు.
ఇరానీ చాయ్ నిలిచింది.
తెల్లారి నాలుగింటికి అఫ్జల్‌గంజ్‌ల బస్సు దిగినోనికి
దానితోని పనుంది.
గుడుంబ గూడ నిలిచిందే గదా
మా లాఠీలు అరిగినన్ని రోజులు.
బేగంబజార్‌ల బస్తాలు మోసిన భుజానికి
రాత్రయితే దానితోని పనుండె.

నిలిచిందల్లా మంచిదని అంటలేను.
ఉస్మానియా దవాఖాన్ల మిట్టమధ్యాహ్నం
"ఇంకా తెల్లారలేదా అన్నా" అనడిగిన హమాలీని
స్ట్రెచర్ మీద పండబెట్టింది నేనే.

ఈడ తాగేటోళ్లకు దానితోని ఏం పని?
ముందు దాని ఫోటో, తర్వాత వాళ్లది.
ఒక పిల్ల మాత్రం
ఫోను బోర్లబెట్టి, కండ్లు మూసుకుని
రెండో గుటక నిమ్మలంగ మింగింది.
ఆ పిల్లను చూసినంక
నా లెక్క మీద నాకే అనుమానం.

ఆదివారం, అడుగున వేలెడు మిగిలిన సీసా
టిఫిన్ సంచిల పెట్టుకుని పోయిన.
(సేటుకు చెప్పలే. దొంగతనం అలవాటు లేని పాణం,
వీపంత చెమట.)
రామ్‌కలీ బాయి ఇప్పుడు వినాయకులకు కండ్లు దిద్దుతది.
కుంచె చెవి మీద చెక్కుకుని
బొమ్మ చూసి నవ్వింది:
"కుండకు మెడ ఇంత సన్నగుంటదా?"
ధర చెప్తే నవ్వలే.

మూత తీసి, అరచేతిల చుక్క ఒంపి,
రుద్ది, వాసన చూసి, నాలికకు తాకించి,
చాలాసేపు గోడ దిక్కు చూసింది.
"ఏక్ దిన్ కమ్ హై," అన్నది.
పులుపు ఇంకొక్క రోజు ఆగాల్సింది.
తొందరపడి బట్టీ ఎక్కించిన్రు.

నిలుస్తదా మరి, అన్న.
ఆమె జవాబు చెప్పలే.
సీసాల రంగు కలిపే నూనె పోసుకున్నది,
బిరడ గట్టిగున్నదని.
నేను గడప దాటినంక వెనుకనుంచి,
"వాళ్లకు మనిషి కావాల్నేమో అడుగు సాబ్.
లైసెన్సు ఉన్నదంటివి గద."

సోమవారం తలుపు తెరిచిన.
మాట నోట్లెనే ఉన్నది.
సేటు ఫోన్ల మాట్లాడుకుంట
నా పక్కకెల్లి లోపలికి పోయిండు.