ఇరవై ఒక్క రోజులు

జహ్రాలో మా మామ ఇంటి వెనక
పద్నాలుగు పెట్టలు, ఒక పుంజు.
ఇక్కడ మామ అంటే ఇంటావిడ.
తొమ్మిదేండ్లయినా ఈ మాటకి
రాయచోటిలో మా చెల్లెలు ఫోన్లో నవ్వుతానే ఉంటుంది.

రెడ్డెమ్మ అని ఆమెకు నోరు తిరగదు,
రద్మా అంటుంది.
కోళ్ల పేర్లు మాత్రం నేను పెట్టినవే:
బొల్లిది, కురచకాళ్లది,
ఏసీ పెట్టె కింద గుడ్లు దాచే దొంగముండ.

తెల్లారకముందే లేస్తాను.
గుడ్ల కోసం కాదు,
రెట్టలు చూడ్డానికి.
తెల్ల టోపీ పెట్టుకున్న రెట్ట కనిపిస్తే
ఆ పొద్దుకు నిమ్మళం.
పచ్చగా నీళ్లలాగుంటే అన్నం సయించదు.
నెత్తురు చార కనిపించిందా,
ఉన్న పొట్టంతా ఎత్తిపోసి
నేలను ఎండకిడుస్తాను.
ఈ దేశంలో ఎండకేం కరువు!

జులైలో మిద్దెమీది ట్యాంకు నీళ్లతో
టీపొడేస్తే టీ అయిపోతుంది.
కోళ్లు ముక్కు పెట్టి తీసేస్తాయి,
మధ్యాహ్నానికి రెక్కలు వదిలేసి
నోరు తెరుచుకుని నిలబడతాయి.
అందుకే ఫ్రీజర్లో ఐసుగడ్డలు
నాలుగు తక్కువొస్తాయి రోజూ.
మామకు తెలుసు. అడగదు.

గేటు దగ్గర టబ్బులో బ్లీచింగు నీళ్లు.
చెప్పులు ముంచి రావాల, ఎవరైనా సరే.
కార్లు కడిగే మొయినుద్దీను
'ఇదేమన్నా ఎయిర్‌పోర్టా అక్కా' అన్నాడు.
ఔనప్పా, ముంచు.

ఒక శుక్రవారం చిన్నోడు మిషాల్
జుమా సంత నుంచి అట్టపెట్టె మోసుకొచ్చినాడు.
ఐదు కోళ్లు. పాదాలకి కూడా ఈకలే,
పట్టుపావడాలు నేల మీద ఈడ్చుకుంటున్నట్టు.
గేటు గడియ మీద వాడి చెయ్యి.
నేను అడ్డం నిలబడినాను.
లా, అన్నాను.
ఆ ఇంట్లో ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

వాడి అరుపుకి మామ బయటికొచ్చింది.
'నేనొచ్చినప్పుడు నా నెత్తురు తీసినారు మామా,
రొమ్ముకి ఫోటో తీసినారు.
ఏజెంటు గదిలో ఎనిమిదిమందిమి
కాగితం కోసం కాచుకున్నాం.
అది వచ్చినాకే మీ గడప.
నేను వీటి నెత్తురు అడగడంలా,
ఇరవై ఒక్క రోజులు అడుగుతున్నా.'
నా అరబ్బీలో ఇందులో సగమైనా వచ్చిందో లేదో.
ఆమె నా చేతుల వైపు చూసింది,
లోపలికి పోయి
పాత జనరేటరు గది తాళం తెచ్చిచ్చింది.

ముందు పాతవాటికి మేత, తర్వాతే కొత్తవాటికి.
ఒక్కపూటైనా వరస తిరగబెట్టలా.
చీపురు వేరు, ముంత వేరు, చెప్పులు వేరు.
మిషాల్ తలుపు మీద సుద్దతో
రోజుకో గీత గీసినాడు.

పదకొండో గీత నాడు
తెల్ల కోడి మెడ మెలిపెట్టుకుని
పైకప్పు వైపు చూస్తా ఉండిపోయింది.
'పైన ఏం కనిపిస్తోంది దానికి?' కిటికీలోంచి వాడు.
నాకు తెలుసు. కొక్కెర.
చిన్నప్పుడు మా వీధిలో ఒక్క రాత్రికి
గంపలన్నీ ఖాళీ అయినాయి.
చెప్పలేదు వాడికి.

బలదియా డాక్టరు వచ్చి తల ఊపినాడు.
మూడు పోయినాయి. రెండేసి సంచుల్లో చుట్టి,
లోతుగా గుంత, పైన సున్నం.
మిషాల్ గీతలన్నీ అరచేత్తో తుడిచేసి
మళ్లీ ఒకటి గీసినాడు.
నేను చెప్పలేదు, వాడే.

పెరట్లో పదిహేనూ మేస్తానే ఉన్నాయి.
చుక్కమందు ఐసు ఫ్లాస్కులో వచ్చింది,
వేడెక్కకముందే వేసెయ్యాల.
వాడు పట్టుకున్నాడు, నేను కంట్లో వేసినాను,
ఒక్కోదానికి ఒక్కో చుక్క,
రెప్ప మూసి తెరిచేదాకా ఆగి.
దొంగముండ వాడి మోచెయ్యి గీరేసింది.

మిగిలిన రెండిటికీ గడువు తీరినాక
తలుపు తీసినాం.
బొల్లిది ఉరికొచ్చి రెండు పోట్లు పొడిచింది.
దానికి మందు లేదు.

మర్నాడు వాడు బడి నుంచి వచ్చినాడు,
కాళ్లకి కొత్త నల్ల బూట్లు.
గేటు దగ్గర ఆగి, నా వైపు చూడకుండా,
రెండూ టబ్బులో ముంచినాడు.
సాయంత్రానికి అంచులు తెల్లబడినాయి.
మామ చూసింది.
అడగలేదు.