ఇత్తడి బిళ్ల

హార్ట్స్ కొండల్లో వెండి ఎప్పుడో అయిపోయింది.
ఇప్పుడు టికెట్లు తవ్వుతున్నారు.

బట్టలు మార్చుకునే హాల్లో పైకప్పు నిండా
గొలుసులకు వేలాడే కోట్లు, బూట్లు.
మనిషి గనిలోకి దిగితే
ఇంటి బట్టలు పైకెక్కేవట.

మా గైడు ఓర్ట్‌విన్ ఒక గొలుసు విప్పాడు.
కిర్రుమంటూ కోటొకటి దిగింది.
జేబులోంచి కొరికిన పెన్సిలు తీసి
"ముట్టుకోకండి, మ్యూజియంది" అని
తనే నవ్వాడు.

"మీదా?" అంది ఒక పిల్ల.
"వెండెలిన్‌ది. నాకింకా పన్నెండు మార్కులు బాకీ.
ఇస్తానన్నా ఇప్పుడా డబ్బు చెల్లదు."
గొలుసు లాగి కట్టేశాడు.

సొరంగంలో ఏడు డిగ్రీలు. ఎక్కడో నీటి చప్పుడు.

బయటికొచ్చాక ఎవరి బిళ్ల వాళ్లు
మేకుకు తగిలించాలి.
ఇరవై మూడు మేకులు,
ఇరవై రెండు బిళ్లలు.
ఆ పిల్ల గుప్పిట్లో ఒకటి దొరికేదాకా
ఓర్ట్‌విన్ గని నోటి దగ్గరే నిలబడ్డాడు
దీపం లోపలికి చూపిస్తూ.