ఎనుమాములల రాత్రిబడి

తొడిమెలు తీసిన చేతుల మంట సల్లారక ముందే
పలక పట్టిన.
హాట్, హాటర్, హాటెస్ట్ —
ఇది నాకొకలు చెప్పాల్నా?
తేజ మిర్చి బస్త మీదనే కూసున్న.

గుడ్ కాడ ఆగిన.
'గుడ్డర్' అన్న.
నుస్రత్ టీచర్ నవ్వి, బెటర్ అన్నది.
మంచి జెర పెరగంగనే
పేరే మారుతదా?
నౌకరొచ్చినంక మా కొమురయ్య
కుమార్ అయినట్టు!

బ్యాడ్ కూడ గంతేనట.
వర్స్:
ధర పడ్డ పొద్దు కాంట కాడ రైతు మొఖం.
వర్స్ట్ ఏందని అడుగలే.

మనకైతే ఒక్క 'కన్న' చాలు టీచర్,
నిన్నటి కన్న, నా కన్న, నీ కన్న.
ఏ మాటా
తన పేరిడిసిపెట్టి పోదు.

ఆమె ఏమనలే. బోర్డు తుడిచింది.
సుద్దపొడి లేసింది,
నా కొంగుల మిరప ఘాటు లేసింది,
ఇద్దరం ఒక్కతీర్గనే
తుమ్మినం.