శేషం

పొద్దున నాలుగు ముప్పావుకి డిపోలో
ఇంజను వేడెక్కేలోగా రెండు మాత్రలు.
ఇటుక రంగువి, చింతగింజ లావున.
గొంతులో ఒక్క క్షణం ఆగి
"ఈ రోజు కూడానా?" అని అడిగి దిగిపోతాయి.

ఈ రోజు నాకేం లేదు.
అదే కదా తంటా.
నెత్తురు లేదు, మెలి లేదు,
సీటు బెల్టు కింద కడుపు
పాలు తాగి పడుకున్న పిల్లలా ఉంది.
నిద్రపోయే పిల్లని లేపి మందు పోస్తారా ఎవరైనా?

కిందటేడు జూన్‌లో మానేశాను.
ఎవరితోనూ చెప్పలేదు.
డబ్బా సొరుగులో, పాత చార్జర్ల కింద పెట్టాను.
కీత్ చెప్పాడు మరి. మా డిపోలో టైర్ల పని చూస్తాడు,
నా జబ్బే వాడిదీ, పదకొండేళ్ళుగా.
"మంట వస్తే మింగుతా, పోతే మానేస్తా,
వాన లేనిరోజు గొడుగు మోస్తానా?" అన్నాడు.
హల్‌లో పుట్టి పెరిగినవాడు
అనవలసిన మాటేనా అది!

జూన్ బాగుంది. జూలై బాగుంది.
ఆగస్టులో నా పుట్టినరోజుకి మిరపకాయ బజ్జీలు తిన్నాను,
ఆరు.
కడుపు కిక్కురుమనలేదు.
మందుల కంపెనీలన్నీ దొంగలనుకున్నాను.

అక్టోబరు తొమ్మిది. హంబర్ మీంచి పొగమంచు.
హోల్డర్‌నెస్ రోడ్డు మీద బస్సు నిండా స్కూలు పిల్లలు.
మొదట చిన్న గిల్లుడు.
తర్వాత ఎవరో లోపల తడిబట్ట పిండుతున్నట్టు.
ఈ రోడ్డులో ఏ తలుపు ఎన్నింటికి తెరుస్తారో నాకు కంఠతా:
మందుల షాపు తొమ్మిదికి, లైబ్రరీ తొమ్మిదిన్నరకి.
అప్పుడు ఏడూ నలభై.
దీపం వెలుగుతున్నది ఒక్కటే, శవపేటికల దుకాణం.
బస్సు పక్కకి ఆపి, నలభై ముగ్గురు పిల్లల్ని వదిలి
పరిగెత్తాను.
నల్ల టై బిగించుకుంటున్న పెద్దాయన
నా మొహం చూసి, ఏమీ అడక్కుండా
ఎడమచేతి తలుపు చూపించాడు.
లోపల లావెండరు వాసన, కాగితపు రుమాళ్ళ పెట్టె,
అయినవాళ్ళు పోయినవాళ్ళు వచ్చి ఏడవడానికని.
నేనూ ఏడ్చాను. ఖాళీగా ఎందుకుండాలి గది.

తర్వాత స్టెరాయిడ్ నెలలు.
మొహం పొంగిన పూరీ.
రాత్రి మూడింటికి నిద్ర రాక ఓవెన్ తోముతూ కూర్చునేదాన్ని.
నర్సు లోరెయిన్ కంప్యూటర్లోంచి తలెత్తకుండానే
"ఎప్పుడు మానేశావు?" అంది.
"మానేశావా?" అని కాదు.

మా మేనత్త అనేది:
అప్పు, నిప్పు, పగ, రోగం
శేషం ఉంచకూడదని.
అత్తా, ఆ మాట కట్టినవాళ్ళకి
ఈ జబ్బు తెలీదు.
ఇది శేషమే. మొత్తం శేషమే.
తీరే అప్పు కాదు,
అసలు అడక్కుండా ఉండడానికి
రోజూ వడ్డీ కట్టే అప్పు.
నివురు కింద నిప్పు ఉందో లేదో
చెయ్యి పెట్టి చూడకూడదు.
చూశాను కదా.

అయినా ఒక మాట దాచను.
కీత్ ఇంకా బాగానే ఉన్నాడు,
వాడి గొడుగు లాకర్లోంచి కదల్లేదు.
నేను మానకపోయినా ఆ అక్టోబరు వచ్చేదేమో,
లోరెయిన్ కూడా "కావచ్చు" అంది.
బాగున్నది నేనా, మాత్రా, నా అదృష్టమా,
చెప్పడానికి పేగుకి నాలుక లేదు.

కోటు జేబులో చెయ్యి పెడితే
నిన్న రాత్రి వేసుకోవలసిన రెండూ తగిలాయి,
టికెట్ ముక్కలతో, నూగు అంటుకుని.
ఉఫ్ అని ఊది చూశాను.
మళ్ళీ జేబులోనే వేశాను.

మీగడ రంగు ఫోన్ డబ్బా పక్కన మొదటి స్టాపు.
ఒక్కతే ముసలామె, చక్రాల సంచితో.
"ఎలా ఉన్నావమ్మా?"
తలుపు తెరిచాను.
"ఇప్పటికి బాగానే," అన్నాను,
చిల్లర లెక్కపెడుతూ.