మూడుకీ నాలుగుకీ నడుమ

గరాజ్ తలుపు ఎత్తగానే
చలి నాకన్నా ముందు లోపలికి దూరింది.
ఏప్రిల్ ఆఖరు. విస్కాన్సిన్‌లో దీన్ని వసంతమనరు,
బురద అంటారు.

నారింజ రంగు తోట ట్రాక్టర్.
పిట్టల్ని లేపకుండా దున్నే కరెంటు బండి.
స్కూలు బస్సు తోలడం మానేసిన ఏడు
వేలంలో నలభై డాలర్లకు కొన్నాను.
సీటు కింద ఆరు బ్యాటరీలు,
ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని.

ప్లగ్ పెడితే చార్జర్ మూలిగింది.
ముల్లు లేచి, వణికి,
అయిదు నిమిషాల్లో పడుకుంది.
విస్తరి ముందు ఎంగిలిపడి లేచిపోయే
అలిగిన అల్లుడిలా
చాలు, నిండింది అంటుంది.
నడిపి చూస్తే గేటు దగ్గరే ఆగింది.

లవర్న్ కంచె మీద మోచేతులు ఆనించి
"ఆరూ పారేయ్ ఆర్డిస్, కొత్తవి కొను" అన్నాడు.
ఇద్దరు భార్యలను, మూడు పికప్పులను
అతను అలాగే మార్చాడు.

మీటర్ తెచ్చాను.
ఒకటోది ఆరు పాయింట్ రెండు. రెండోదీ అంతే.
మూడు, నాలుగు, అయిదు, ఆరోది కాస్త తక్కువ,
వయసుకి అది తప్పు కాదు.
ప్లేట్లు మునిగేదాకా డిస్టిల్డ్ నీళ్లు పోశాను.
తెల్లటి పొక్కుల మీద వంటసోడా చల్లితే
నురగలు కక్కాయి.
మళ్లీ ప్లగ్.
మళ్లీ అయిదు నిమిషాలే.

విడివిడిగా అందరూ మంచివాళ్లే.
ఇలాంటి ఇళ్ల పిల్లల్ని
బస్సు అద్దంలో ముప్ఫై ఏళ్లు చూశాను.

అప్పుడు బ్యాటరీలను వదిలి
తీగల మీద పెట్టాను మీటర్ ముళ్లు,
చార్జర్ మూలుగుతుండగానే.
మంచి తీగకు రెండు కొసలా తేడా ఉండకూడదు.
మూడుకీ నాలుగుకీ నడుమ రెండున్నర వోల్టులు!
వేలు ఆనిస్తే చురుక్కుమంది.

టార్చి వేశాను.
సీటులోంచి పీకిన స్పాంజి,
ముల్లంగి విత్తనాల పొట్లం చింపిన ముక్కలు,
పోయిందనుకున్న నా చేతితొడుగు ఉన్ని.
తీగ తొడుగు కొరికిన చోట ఆమ్లం తగిలి
రాగి పచ్చబారి, తెగి,
నాలుగే నాలుగు పోగులు మిగిలాయి.
కొండను తవ్వితే ఎలుక అంటారు.
ఈసారి ఎలుకే కొండ.
దాని అడుగున, చిక్కుడు గింజలంత,
కళ్లు తెరవనివి ఏడు.

కొత్త తీగ పన్నెండు డాలర్లు.
రెండు బోల్టులు. అరగంట పని.

ప్లగ్ పీకేసి
సీటు మెల్లగా దించాను.

బంగాళదుంపలకు చాళ్లు పారతో తవ్వుతుంటే
లవర్న్ అడిగాడు, "దొరికిందా రోగం?"
దొరికిందన్నాను.
"మరి?"
"మూడు వారాలు పడుతుంది."
సామాను ఎక్కడో దూరం నుంచి రావాలి కాబోలని
తల ఊపాడు.
నేను వంగి ఇంకో గడ్డ పెళ్లగించాను.