పైపూత

సాయంత్రం ఆరున్నర.
చెంగల్రావుపేట మలుపులో మా మందుల కొట్టు మీదికి
హార్బర్ నుంచి ఎక్కే గాలి
ఐసునీ డీజిల్నీ రొయ్య పొట్టునీ కలిపి మోసుకొచ్చే వేళ,
మైలపల్లి కొర్లమ్మ వచ్చింది.
చంకలో మనవరాలు. ఏడో నెల.
చొంగకి గౌను మెడ తడిసి ముద్దయింది.
పిడికిలి నోట్లో కుక్కుకుని
పట్టు విడవకుండా ఏడుస్తోంది.

“పళ్ళొత్తన్నాయి బావూ.
రెండు రాత్రుల్నించి మా కోడలికి కునుకు లేదు.
నా నోటిపూతకి ఇచ్చినావే, తిమ్మిరి మందు,
అదే ఈ గుంటకీ కూసింత రాసీనా?”

రొంటిన దోపుకున్న ట్యూబు తీసింది.
తోక నుంచి చుట్టుకుంటూ వచ్చి
తల దగ్గర మాత్రమే మిగిలింది మందు.

పదకొండేళ్ళ కిందట
ఇదే బల్ల మీద చిల్లర పోసి ఒక తండ్రి
ఇలాంటి ట్యూబే అడిగాడు.
ఎవరికని నేనడగలేదు.
ఒక్క మాట. ఆ వేళ రద్దీ.
రాత్రి పదింటికి ఆటో పెద్దాసుపత్రి ఎత్తు ఎక్కుతుండగా
పిల్లాడి పెదాలు నీలం తిరిగాయట.
బతికాడు. ఇప్పుడు బడికెళ్తాడు
మా కొట్టు ముందు నుంచే.
నేను మాత్రం ప్రతిసారీ వాడి పెదాలే చూస్తాను.

ఈ ఊళ్ళో నీలానికి కొదవా,
కొండ దిగితే సముద్రం నిండా అదే,
పడవ పక్కలకి పూసిందీ, వలతాడు రంగూ అదే.
పసిబిడ్డ పెదవి ఒక్కటీ దానికి వదలకూడదు.

“వద్దు కొర్లమ్మా.
రెండేళ్ళు నిండని బిడ్డకి దీన్ని తగలనీకు.
చిగురు మీద నిలవదిది, చొంగతో గొంతులోకి జారుతుంది.
గొంతు మొద్దుబారితే పాలు మింగడం తెలీదు.
రక్తంలో కలిస్తే
ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి గాలి అందదు.”

“మందుల కొట్టోడివి, మందివ్వనంటావేటి!”

కొత్త గాజ్ ప్యాకెట్ చింపి
నా చల్లటి నీళ్ళ సీసాలో తడిపి పిండాను.
ఒక కొస నా వేళ్ళ మధ్యే ఉంచుకుని
రెండోది చిగుళ్ళకి అందించాను.
గుంట కొరికింది.
ఏడుపు ఆగలేదు, ఆలోచనలో పడింది.
“చల్లగా చాలు, గడ్డకట్టిన ఐసొద్దు” అన్నాను,
“చెయ్యి కడుక్కుని వేలితో నిమురు. తేనె మాత్రం...”
“నాకించనులే, అంగన్వాడీ పిల్ల సెప్పింది,
ఏడాది దాకా వద్దని.”

మరి నీ నోరో?

“నాదేటుంది బావూ, రాసుకుంటే తెలీదు.
మొన్న టీకి నాలిక కాలిపోయినా తెలీలేదు” అని నవ్వింది.

ఫోను లైటు వేసి చూశాను.
నలభై ఏళ్ళ అడ్డపొగ.
సముద్రపు గాలికి చుట్ట ఆరకుండా
నిప్పుకొసని నోట్లోనే దాచుకుని
చేపల గంప నెత్తిన పెట్టుకుని బేరాలాడిన నోరు.
అంగిలి సున్నం కొట్టిన గోడలా తెల్లబారింది.
నడుమ ఎర్రటి పుండు, అంచులు గట్టిపడి.
అదేమిటో నాకు తెలియదు, చెప్పేంత వాణ్ణి కాను.
నెలన్నరగా ఉందన్నది తెలుసు.
ఐదు ట్యూబులు అమ్మింది నేనే అన్నదీ తెలుసు.

నొప్పి వాకిట్లో కుక్క.
మొరిగిన ప్రతిసారీ అదిలించి పడుకోబెడతాం,
వీధిలో నిలబడ్డదెవరో చూడం.
శెనగగింజంత పూత, నాలుగైదు రోజులు,
ముద్ద దిగడానికి. దాని కొలువు అంతే.
మూడు వారాలు దాటిన పుండుని
చూపించాలి కొర్లమ్మా, నిద్రపుచ్చకూడదు.

ఆమె ఏమీ అనలేదు.
ట్యూబు బల్ల మీదే వదిలింది.
గాజ్ ప్యాకెట్ కొంగున ముడేసుకుంది.
డబ్బులివ్వబోతే నేను తీసుకోలేదు, అందుకు తిట్టింది.
పల్లంలోకి దిగుతూ స్తంభం దగ్గర ఆగి
చెవి మీది చుట్టని తడుముకుంది,
తియ్యలేదు.
వెనక్కి తిరిగి, హార్బర్ హోరు మీదుగా అరిచింది:

“ఒరే బావూ,
పెద్దాసుపత్రిలో చీటీ
ఎన్ని గంటలకి రాత్తారు?”